మెరుపు వీపున సీసము

గుర్రపు పందెములలో ఒక విచిత్రమైన న్యాయమున్నది. ఓడిన గుర్రమునకు శిక్ష లేదు. గెలిచిన గుర్రమునకు ఉన్నది. తోడి గుర్రములకంటె వేగము గలదని రుజువైన నాటినుండి దాని జీను కింది అరలలో సీసపు పలకలు చేరుతవి. మరల గెలిచినచో మరికొన్ని పలకలు చేరుతవి. హాండిక్యాప్ అని పేరు గల ఈ పందెములలో ఏ గుర్రము ఎంత బరువు మోయవలెనో నిర్ణయించే అధికారి ఒకడుంటాడు. మేలైన దానికి ఎక్కువ, నాసి దానికి తక్కువ బరువు కేటాయించి, అన్నియు ఒకే క్షణమున గమ్యము చేరేటట్లు చేయగలిగితే అతడు తన విద్యలో ఆరితేరినవాడన్నమాట. ఏది గెలుస్తుందో ముందే తెలిసిపోతే పందెము కాసేవాడుండడు, పందెము సాగదు. కావున ఈ ఏర్పాటును అన్యాయమని ఒక్కమాటలో కొట్టివేయడానికి వీలులేదు. కాని ఒక గుర్రము నిజముగా సాటిలేనిదైనప్పుడు ఈ న్యాయము ఎంతదూరము పోగలదో ఫార్ లాప్ చరిత్ర చూపిస్తుంది.

ఫార్ లాప్ 1926 అక్టోబరు 4న న్యూజిలాండు దక్షిణ ద్వీపములో, టిమారు పట్టణమునకు సమీపమున ఉన్న సీడౌన్‌లో పుట్టినది. తండ్రి నైట్ రెయిడ్. తల్లి ఎంట్రీటీ అనే గోడిగ. జాతి థారోబ్రెడ్. పదిహేడవ శతాబ్ది చివరను, పద్దెనిమిదవ శతాబ్ది తొలి భాగమునను తూర్పు దేశములనుండి ఇంగ్లండు చేరిన బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడు మగ గుర్రములు ఈ జాతికి మూలపురుషులు. నేడు ప్రపంచములో ఏ థారోబ్రెడ్ గుర్రమునైనా తీసుకొని తండ్రి, తాత, ముత్తాతల వరుసను పైకి లెక్కించుకుంటూ పోతే ఈ మూడింటిలో ఒకదాని దగ్గర ఆగవలసినదే. మనలో తద్దినమునాడు మూడు తరముల పేర్లు చెప్పగలిగితే చాలును. ఈ గుర్రములకు రెండు మూడు వందల ఏండ్ల వంశావళి అచ్చు పుస్తకములో ఉండవలెను.

ఆ వంశావళియే ఫార్ లాప్ తలరాతను మార్చినది. సిడ్నీలో హ్యారీ టెల్ఫర్డ్ అనే గుర్రపు శిక్షకుడుండేవాడు. చేతిలో డబ్బు లేదు, చెప్పుకోదగిన గుర్రము లేదు. వంశావళులు చదవడమొక్కటే అతనికి ఉన్న ఆస్తి. 1928 జనవరిలో వెల్లింగ్టన్ దగ్గర ట్రెంథామ్‌లో ఏడాది పిల్లల వేలము జరగనున్నదని వచ్చిన జాబితాను తిరగవేస్తూ అతడు ఒక పేరు దగ్గర ఆగిపోయినాడు. నైట్ రెయిడ్ తల్లి తాత కార్బైన్. ఆ కార్బైన్ 1890లో 10 స్టోన్ల 5 పౌన్ల బరువు, అంటే దాదాపు 66 కిలోలు మోస్తూ, ముప్ఫై ఎనిమిది గుర్రములను వెనుకవేసి మెల్బోర్న్ కప్పు గెలిచినది. అంత బరువుతో ఆ కప్పు గెలిచిన గుర్రము నేటివరకు మరొకటి లేదు. ఆ నెత్తురు ఈ పిల్లలో ఉన్నదని టెల్ఫర్డ్ గ్రహించినాడు.

సిడ్నీలో స్థిరపడిన అమెరికను వర్తకుడు డేవిడ్ డేవిస్‌ను అతడు ఒప్పించినాడు. న్యూజిలాండులో ఉన్న టెల్ఫర్డ్ సోదరుడు వేలములో పాడి, 160 గినీలకు పిల్లను కొన్నాడు. మేలుజాతి పిల్లలు అంతకు ఎన్నో రెట్లు పలికే కాలములో అది చౌక బేరము. తీరా ఓడ దిగిన గుర్రమును చూచి డేవిస్ మండిపడినాడు. ఒళ్లంతా ఎముకలు, ముఖము నిండా పులిపిరులు, నడకలో పొందిక లేదు. దాని శిక్షణకు ఒక్క కాసు ఇవ్వనని అతడు ఖండితముగా చెప్పినాడు. గుర్రము గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన సామెత. ఇక్కడ ఆ దాణా ఎవరు పెట్టవలెననేదే వ్యాజ్యము. చివరకు ఒక ఒప్పందము కుదిరినది. మూడేండ్లపాటు గుర్రము టెల్ఫర్డ్ కౌలులో ఉంటుంది. ఖర్చంతయు అతనిదే. గెలిచిన ధనములో మూడింట రెండు పాళ్లు అతనికి, ఒక పాలు డేవిస్‌కు. శిక్షణకు ఏమీ పెట్టని డేవిస్‌కు ఆ ఒక పాలు ఎంతటి ధనమైనదో తలచుకుంటే, అతని కోపమే అతనికి లాభించినదనవలెను.

టెల్ఫర్డ్ ఆ పిల్లకు విత్తులు తీయించినాడు. పెరుగుదల మీదను, పరుగు మీదను తప్ప దాని ధ్యాస మరొక వైపు పోరాదని ఉద్దేశము. పందెపు గుర్రములలో ఇది సామాన్యముగా జరిగేదే. కాని గుర్రమునకు మూడేండ్లయినా నిండకముందే, అది ఏమి కాగలదో ఎవరికిని తెలియకముందే, దాని వంశము దానితో ముగిసిపోవలెనని తీర్పు జరిగిపోయినది. వంశావళి చూచి కొన్న గుర్రమునకు వంశము లేకుండ పోయినది.

ఇక పేరు సంగతి. సిడ్నీ విశ్వవిద్యాలయములో వైద్యము చదువుతున్న ఆబ్రీ పింగ్ అనే చీనా సంతతి విద్యార్థి ఈ పేరు సూచించినాడు. తాయి భాషలోను, దక్షిణ చీనాలోని జ్వాంగ్ భాషలోను ఆ మాటకు మెరుపు అని అర్థము. అంతకుముందు కప్పు గెలిచిన గుర్రములు అనేకము రెండు మాటల, ఏడక్షరముల పేరు గలవి కావడముచేత, ఆంగ్ల లిపిలో ఏడక్షరములు వచ్చేటట్లు మాటను విరిచి వ్రాసినారట. పేరు మెరుపు, గుర్రము మాత్రము ఇంకను మెరవలేదు.

1929 ఫిబ్రవరి 23న సిడ్నీలోని రోజ్‌హిల్ మైదానమున తొలి పందెములో అది అన్నింటికంటె వెనుక వచ్చినది. తరువాతి మూడు పందెములలోను లెక్కకు రాలేదు. ఐదవసారి, ఏప్రిల్ 27న, అదే మైదానములో గెలిచినది. టెల్ఫర్డ్ దానిని ఇసుకదిబ్బల మీద ఎక్కించి దింపుతూ కఠినమైన శిక్షణ ఇచ్చేవాడు. గుర్రమునకు అంత శ్రమ తగదని చూచినవారు అనేవారు. దక్షిణార్ధగోళములో థారోబ్రెడ్ గుర్రములన్నింటికిని ఆగస్టు 1వ తేదీయే పుట్టినరోజు. ఆ లెక్కన 1929 ఆగస్టులో ఫార్ లాప్‌కు మూడేండ్లు వచ్చినవి. ఆ వయస్సుతోబాటు దాని అసలు స్వరూపము బయటపడినది. పదిహేడు బెత్తెలకు మించిన ఎత్తు, ఎర్రని జేగురు వన్నె, ఒక్క అంగలో ఎంతో నేలను మింగే పరుగు. సిడ్నీ డర్బీ, మెల్బోర్న్ డర్బీ రెండును ఆ ఏడే గెలిచినది.

అదే నవంబరులో మెల్బోర్న్ కప్పుకు నిలిచినది. ఆ కాలమున రెండు మైళ్ల దూరమున్న ఈ పందెము నాడు ఆ దేశములో పనిపాటలు ఆగిపోతవి. మెల్బోర్న్ నగరములో ఆనాడు సెలవు. మూడేండ్ల గుర్రము గనుక ఆ ఏడు దాని బరువు 7 స్టోన్ల 6 పౌన్లే. నలభై ఏడు కిలోలు. ఈ బరువులో రౌతు, జీను కూడ కలిసి ఉంటవి. దాని నిజమైన రౌతు జిమ్ పైక్ ఎంత చిక్కినా అంత తక్కువకు తూగలేకపోయినాడు. మరొక రౌతు ఎక్కి కళ్లెము బిగబట్టగా, గుర్రము అతనితో పెనుగులాడి బలము పోగొట్టుకొని మూడవదిగా వచ్చినది. బరువు తక్కువై ఓడిన గుర్రమని దీనిని చెప్పుకోవచ్చును.

ఆ పందెమునకు పది రోజులు ముందుగా, 1929 అక్టోబరు చివర, న్యూయార్కులో వాటాల విపణి కుప్పకూలినది. ఉన్నియు గోధుమలును అమ్ముకొని బ్రతికే ఆస్ట్రేలియాకు ఆ దెబ్బ మరింత బలముగా తగిలినది. 1932 నాటికి పని చేయగలవారిలో ముగ్గురిలో ఒకరికి ఇంచుమించుగా పని లేదు. మూటాముల్లె భుజాన వేసుకొని ఊరూరు తిరిగే పురుషులు, ఉచిత రొట్టెకై బారులు తీరిన కుటుంబములు ఆనాటి దృశ్యములు. అటువంటి రోజులలో ఎవరికిని అక్కరలేని ఒక గుర్రపు పిల్ల, డబ్బులేని ఒక శిక్షకుని చేతిలో పెరిగి, పెద్ద పెద్ద అశ్వశాలల గుర్రములను ఓడిస్తున్నది. జనులు దానిని తమదిగా భావించుకొన్నందుకు ఆశ్చర్యము లేదు. జీను కింది సీసమునకు తోడు ఈ ఆశ కూడ దాని వీపు మీదికే ఎక్కినది.

జనులందరికంటె దగ్గరగా దానిని ఎరిగినవాడు టామీ వుడ్‌కాక్ అనే యువకుడు. గుర్రపువాడుగా చేరినాడు. దానిని బాబీ అని పిలిచేవాడు. దాని శాల పక్కనే పడుకొనేవాడు. అతని చేతినుండి తప్ప మేత ముట్టదని పేరుపడినది. విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథి పేరుతో గుర్రములను సాకిన కథ మన విద్యార్థులు చదివినదే. గుర్రము ఎవరిదన్నది పత్రములలో ఉంటుంది, గుర్రమునకు యజమాని ఎవరన్నది శాలలో తెలుస్తుంది.

1930 సెప్టెంబరు నుండి ఫార్ లాప్ వరుసగా పద్నాలుగు పందెములు గెలిచినది. ఆ వరుస మధ్యలోనే మెల్బోర్న్ కప్పు వచ్చినది. నవంబరు 1, శనివారము తెల్లవారు జామున వ్యాయామము ముగించుకొని వుడ్‌కాక్ దానిని శాలకు తోలుకొని వస్తున్నాడు. ఒక మోటారుకారు వెంటబడినది. అతడు అనుమానించి తానెక్కిన పొట్టి గుర్రమును అడ్డుపెట్టి ఫార్ లాప్‌ను కంచె వైపునకు నెట్టినాడు. కారులోనుండి తుపాకి పేలినది. గుండు తగలలేదు. కాల్చినవారెవరో తేలలేదు. అది గెలిస్తే పెద్ద మొత్తములు చెల్లించవలసివచ్చే పందెపు వ్యాపారులమీద అందరికి అనుమానము. చిత్రమేమంటే, అదే రోజు మధ్యాహ్నము ఆ గుర్రము పందెములో నిలిచి గెలిచినది. తరువాత దానిని గీలాంగ్ సమీపములోని ఒక అశ్వక్షేత్రములో రహస్యముగా దాచినారు. మంగళవారము కప్పు నాడు దానిని తేవలసిన బండి యంత్రము మొరాయించినందున, మైదానమునకు ఆఖరి గడియలో చేర్చినారని చెబుతారు.

ఈసారి దాని బరువు 9 స్టోన్ల 12 పౌన్లు. అరువది రెండున్నర కిలోలు. సంవత్సరము కిందటి దానికంటె పదిహేను కిలోలు ఎక్కువ. అయినను జనులు దాని మీద ఎంతగా పందెము కాసినారంటే, పదకొండు పౌన్లు ఒడ్డినవానికి లాభము ఎనిమిది పౌన్లే. ఒడ్డినదానికంటె తక్కువ లాభము పలికిన గుర్రము ఆ కప్పు చరిత్రలో ఇది ఒక్కటే. జిమ్ పైక్ కళ్లెము వదులుగా పట్టి కూర్చున్నాడు. మూడు గుర్రముల నిడివి ముందుగా అది గమ్యము దాటినది. ఆ వారములో మెల్బోర్న్ ఉత్సవపు నాలుగు రోజులలోను అది నాలుగు పందెములు గెలిచినది.

ఇక సీసము పెరగక తప్పలేదు. 1931 ఫిబ్రవరిలో బురద మైదానమున 10 స్టోన్ల 3 పౌన్లతో ఒక పందెమును మెడ నిడివిలో గెలిచినది.  ఆ పందెము దానిని నలగగొట్టినది. ఆ తరువాత ఒక పందెములో అంతే తేడాతో ఓడినది. ఆ ఏడు కౌలు గడువు తీరగా టెల్ఫర్డ్ సగము వాటా కొని యజమానులలో ఒకడైనాడు. నవంబరు కప్పుకు అధికారులు దానికి విధించిన బరువు 10 స్టోన్ల 10 పౌన్లు, అనగా అరువది ఎనిమిది కిలోలు. కార్బైన్ మోసినదానికంటె ఐదు పౌన్లు ఎక్కువ. దానిని బరిలో దింపరాదని అన్నవారున్నారు. దింపినారు. ఎనిమిదవదిగా వచ్చినది. గెలిచిన వైట్ నోజ్ వీపున ఉన్న బరువు దీనికంటె యాభై పౌన్లకు పైగా తక్కువ. ఈ ఓటమిని ఓటమి అనడము లెక్కలు తెలిసినవారికి కష్టము. 1930 మార్చి నుండి చివరి పందెము వరకు ముప్ఫై ఐదు పందెములలో అది ఓడినవి మూడే. వాటిలో ఇది ఒకటి.

స్వదేశములో బరువు పెరుగుతున్న కొద్ది డేవిస్ దృష్టి సముద్రము అవతలికి మళ్లినది. 1932 జనవరిలో ఫార్ లాప్ ఓడనెక్కినది. టెల్ఫర్డ్ ఆస్ట్రేలియాలోనే ఉండిపోగా, శిక్షణభారమంతయు వుడ్‌కాక్ మీద పడినది. కాలిఫోర్నియాలో అప్పటికి పందెము కాయడము నిషిద్ధము. కావున అక్కడి ధనికులు సరిహద్దు దాటి మెక్సికోలోని తిహువానాకు పోయేవారు. అగ్వా కాలియెంతె అనే ఆ మైదానములో మార్చి 20న పందెము. గడ్డి నేలకు అలవాటుపడిన గుర్రమునకు అది మట్టి నేల. దానికి తోడు ముందరి గిట్ట ఒకటి పగిలినందున ప్రత్యేకమైన లాడము వేయవలసివచ్చినది. రౌతు బిల్లీ ఎలియట్ మొదట అన్నింటికి వెనుక, వెలుపలి అంచున దానిని నడిపి, సగము దూరము దాటిన తరువాత వదలినాడు. ఒకటింబావు మైలు దూరమును 2 నిమిషముల 2.8 సెకనులలో పరుగెత్తి ఆ మైదానపు రికార్డును అది తిరగవ్రాసినది. కొత్త దేశము, కొత్త నేల, దెబ్బతిన్న గిట్ట, ఓడ ప్రయాణపు బడలిక. ఇన్నింటి నడుమ గెలిచిన ఆ పందెమే అన్నింటికంటె గొప్పదని అనేకుల అభిప్రాయము. అదే చివరిది. మొత్తము 51 పందెములలో గెలుపులు 37. సంపాదించినది అరువది ఆరు వేల పౌన్లకు పైమాట.

తరువాత విశ్రాంతికై దానిని సాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణమున మెన్లోపార్కులోని ఒక తోటకు చేర్చినారు. 1932 ఏప్రిల్ 5 తెల్లవారు జామున వుడ్‌కాక్ లేచి చూచేసరికి గుర్రము బాధతో మెలికలు తిరుగుతున్నది. ఒళ్లు కాలిపోతున్నది. మధ్యాహ్నమునకు నెత్తురు కక్కి అతని ఎదుటనే ప్రాణము విడిచినది. అప్పటికి దాని వయస్సు ఐదున్నర ఏండ్లు.

ఆ వార్త ఆస్ట్రేలియాలో ఇంటింటి దుఃఖమైనది. అమెరికను ముష్కరులు విషము పెట్టినారన్న మాట వెంటనే పుట్టినది. తోటలోని చెట్లకు చల్లిన పురుగుమందు గడ్డిమీద పడి ఉంటుందని కొందరు, ప్రేగులకు సోకిన తీవ్రమైన వ్యాధి అని కొందరు వాదించినారు. డెబ్బది ఏండ్లు దాటిన తరువాత భద్రపరచిన చర్మమునుండి కొన్ని వెండ్రుకలు తీసి, అతి తీక్ష్ణమైన ఎక్స్‌కిరణములతో పరీక్షించినారు. చర్మమును నిలవచేయడానికి వాడిన పాషాణము వేరు, బ్రతికి ఉండగా నెత్తురు ద్వారా వెండ్రుక మొదలుకు చేరిన పాషాణము వేరు. ఈ రెంటిని విడదీయడమే ఆ పరీక్షలోని సూక్ష్మము. చనిపోవడానికి ముప్ఫై నలభై గంటల ముందు అది పెద్ద మోతాదులో పాషాణము మింగినదని 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. ఎవరు పెట్టినారు, ఎందుకు పెట్టినారు అన్నది వెండ్రుక చెప్పదు. అదే సంవత్సరము టెల్ఫర్డ్ బలము మందుల చిట్టా పుస్తకము ఒకటి వేలానికి వచ్చి మెల్బోర్న్ మ్యూజియమునకు చేరినది. అందులోని యోగములలో పాషాణము ఉన్నది. ఆ కాలమున దానిని కొద్ది కొద్దిగా గుర్రములకు బలమునకని పట్టించడము శిక్షకులకు మామూలే. ముష్కరుల కథ నోటికి రుచిగా ఉంటుంది. అందుచేతనే అది ఇన్నేండ్లు నిలిచినది. కాని గుర్రము మేలుకోరి కలిపిన మందే మోతాదు మించి ఉండవచ్చునన్న ఊహను తోసివేయడానికి ఆధారము కనబడదు.

గుర్రము చనిపోయినను దానిని ఒక్కచోట ఉండనీయలేదు. గుండెను సిడ్నీకి పంపినారు. తూచి చూడగా 6.2 కిలోలున్నది. అంతటి గుర్రమునకు సామాన్యముగా ఉండవలసినది అందులో సగమునకు కొంచెము పైన. చర్మమును న్యూయార్కులోని నిపుణులు నెలల తరబడి శ్రమించి నిలువెత్తు బొమ్మకు తొడిగినారు. అది మెల్బోర్న్ చేరినది. అస్థిపంజరము జన్మభూమియైన న్యూజిలాండుకు పోయినది. గుండె తరువాత కాన్‌బెర్రాలో స్థిరపడినది. నేడు అక్కడి జాతీయ మ్యూజియములో ఉన్నది. ధైర్యశాలిని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు అతనికి ఫార్ లాప్ అంతటి గుండె ఉన్నదని ఆ దేశములో వాడుక.

వుడ్‌కాక్ ఆస్ట్రేలియాకు తిరిగివచ్చి శిక్షకుడైనాడు. ముసలితనములో రెక్‌లెస్ అనే గుర్రమును తయారుచేసి, 1977లో మెల్బోర్న్ కప్పుకు నిలిపినాడు. దేశమంతయు అతడు గెలవవలెనని కోరుకొన్నది. రెక్‌లెస్ రెండవదిగా వచ్చినది. 1985లో వుడ్‌కాక్ మరణించినాడు.

2010లో మెల్బోర్న్ కప్పు నూట యాభయ్యవసారి జరిగినప్పుడు, వెల్లింగ్టన్ నుండి అస్థిపంజరమును ఓపికగా మూటగట్టి సముద్రము దాటించి తెచ్చి, మెల్బోర్న్ మ్యూజియములో చర్మపు బొమ్మ పక్కన నిలిపినారు. కొన్ని నెలలపాటు బారులు తీరి జనులు ఆ రెండింటిని ఒక్కచోట చూచినారు. తరువాత ఎముకలు మరల వెల్లింగ్టన్‌కు వెళ్లిపోయినవి. ప్రయాణమునకు తట్టుకోలేనంత సున్నితముగా మారినందున గుండెను మాత్రము కాన్‌బెర్రా నుండి కదపలేదు.